ఎవరూ మార్చని సెట్టింగు

మా పాప ముఖం మా ఆవిడకు ఏ రోజుది ఆ రోజే కనబడాలి. ఆఫీసులో నేను పంతం పట్టి చేసిన ఒకే ఒక్క వాదన వెనక ఉన్న కోరిక ఇంతే. అక్కడ మాత్రం దాన్ని వేరే మాటల్లో చెప్పాను. గ్రాఫులు కూడా చూపించాను. అందరూ తల ఊపారు. గ్రాఫు చూపిస్తే తల ఊపడం మా హైటెక్ సిటీలో మర్యాద.

మా ఆవిడ లెక్కల టీచరు. బాచుపల్లిలో ఒక ప్రైవేటు కాలేజీలో ఏళ్ల తరబడి గొంతు పోగొట్టుకున్నాక, పరీక్ష రాసి ప్రభుత్వ గురుకులంలో ఉద్యోగం తెచ్చుకుంది. ఫలితం వచ్చిన రోజు ఇల్లంతా పండగ. పోస్టింగు ఎక్కడో తెలిసిన రోజు మాత్రం ఇద్దరం అన్నం ముందు కూర్చుని అలాగే లేచిపోయాం. ములుగు దాటి అడవిలో చాలా దూరం పోవాలి. ఆడపిల్లల హాస్టలు, బడి, టీచర్ల క్వార్టర్లు అన్నీ ఒకే ఆవరణలో ఉంటాయి. పాప అప్పుడే ఒకటో తరగతిలో చేరింది. స్కూలు బాచుపల్లిలోని మా ఫ్లాటుకు రెండు వీధుల అవతల. నా ఆఫీసు ఇక్కడ. ఎన్ని రకాలుగా కూడినా తీసేసినా పాప నా దగ్గర ఉండటమే మేలని లెక్కల టీచరే తేల్చింది. నెలకోసారి ఆమె వస్తుంది, లేదా మేం పోతాం. మధ్యలో రోజులు గడవాలి.

అవి గడవవు. మాది అనంతపురం వైపు, ఆమెది వరంగల్ దగ్గర. పెళ్లయిన కొత్తలో నా యాస ఆమెకు నవ్వులాట, ఆమె యాస నాకు నవ్వులాట. ఇప్పుడు ఆ మాట చెవిన పడకపోతే నాకు ఇంట్లో ఏ పనీ తోచదు. బెండకాయలు తరుగుతూ ఆమె మరుసటి రోజు పాఠం పైకి చెప్పుకునేది. "ఇప్పుడు ఇటుదిక్కు ఏం మిగిలింది?" అని బెండకాయల్ని నిలదీసేది. నేను హాల్లో కూర్చుని జవాబు తప్పు చెప్పేవాణ్ని, తిట్లు తినడానికి. ఇప్పుడు బెండకాయలు నేనే తరుగుతున్నాను. ఎవరూ ఏమీ అడగడం లేదు.

బదిలీ గురించి నేను ఫోన్లో ఎన్నిసార్లు పోట్లాడానో. "అడగందే అమ్మయినా పెట్టదంటారు. పోయి గట్టిగా అడుగు. చిన్న పిల్ల ఉందని చెప్పు" అనేవాణ్ని.

"చిన్న పిల్లలు నా ఒక్కదానికే ఉన్నరా? నాకంటే ముందుగాల వచ్చినోళ్లు ఉన్నరు ఇక్కడ. వాళ్లు పోయినంక నేను" అనేది ఆమె. ఆ మాటకు నాకు ఒళ్లు మండేది. ఫోను పెట్టేశాక ఇంకా మండేది, ఎందుకంటే ఆమె చెప్పింది న్యాయమే.

ఆ ఆవరణలో సెల్ ఫోను సిగ్నలు అందదు. బడి ఆఫీసుకు ఒక ఇంటర్నెట్ లైను ఉంది, క్వార్టర్లకు వైఫై కూడా దాన్నుంచే. సన్నని లైను, పైగా అడవి మీదుగా వస్తుంది. వానకీ గాలికీ మధ్యలో డేటా ముక్కలు రాలిపోతుంటాయి. అందులో మాట వరకు వెళ్తుంది, వీడియో కాల్ నిలవదు. మా పాపకేమో ఉత్త ఫోన్లో మాట్లాడటం రాదు. చెవికి పెడితే "ఊ" అంటుంది, మళ్లీ "ఊ" అంటుంది, నా చేతికి ఇచ్చేసి పారిపోతుంది. అదే కెమెరా తెరిచి పెడితే మాత్రం వాగుడుకాయ. వాళ్లమ్మ ఎదురుగా కూర్చున్నట్టే మాట్లాడుతుంది. అందుకని రోజూ సాయంత్రం దాని కబుర్లు వీడియో తీసి పంపడం అలవాటు చేసుకున్నాను. మామూలు మెసేజీలో పంపితే సగం దిగి తెగిపోయేది, మళ్లీ మొదటికి వచ్చేది. అందుకే ఒక చిన్న సర్వరు పెట్టుకుని, తెగిన చోటినుంచే మళ్లీ అందుకునేలా తయారు చేశాను. ఇంజనీరుకు చేతి దురద ఉంటుంది కదా. అయినా ఆ వీడియో దిగడానికి యుగం పట్టేది. సాయంత్రం మొదలుపెడితే ఆమె భోజనం అయ్యాక కూడా సగంలోనే ఉండేది. పాప అప్పటికే నిద్రపోయేది.

ఇక నా ఉద్యోగం. మా కంపెనీ సర్వర్లను కిరాయికి ఇస్తుంది. కిరాయికి ఇచ్చే ఇంటికి ముందే సున్నం వేయించి, బల్బులు పెట్టించి, తాళం చెవి చేతికిచ్చినట్టు, మేం సర్వరులోకి అన్నీ ముందే అమర్చి ఇస్తాం. ఆ అమరికకు మా భాషలో ఇమేజ్ అని పేరు. కిరాయికి వచ్చినవాళ్లు బల్బులు మార్చుకోవచ్చు. ఎవరూ మార్చుకోరు. పెట్టిన బల్బు వెలుతురులోనే ఏళ్లకేళ్లు కాపురం చేస్తారు. అలా ఎవరూ మార్చని సెట్టింగులను, మా మాటలో డిఫాల్టులను, ఎంచడం మా టీము పని. చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు. మా అత్తగారు ఇప్పటికీ నేను కంప్యూటర్లు రిపేరు చేస్తాననే అనుకుంటారు, నేనూ సరిదిద్దలేదు.

ఆ సెట్టింగుల్లో ఒకటి, సర్వరు డేటాను ఎంత జోరుగా పంపాలన్నది. సర్వరు ఒక ఫైలును చిన్న చిన్న ముక్కలు చేసి పంపుతుంది. అవతలికి వెళ్లే దారి ఎంత వెడల్పో దానికి తెలియదు. కొంచెం పంపి, అందిందన్న కబురు వస్తే ఇంకొంచెం ఎక్కువ పంపుతుంది. మధ్యలో ముక్క రాలిపోతే ఏం చేయాలన్నదే అసలు ప్రశ్న. పాత పద్ధతి ఉంది. ముక్క పోయిందంటే దారిలో రద్దీ ఎక్కువైందని అనుకుని, అది వెంటనే వెనక్కి తగ్గుతుంది. మళ్లీ మెల్లమెల్లగా పెంచుకుంటూ వస్తుంది. కొత్త పద్ధతి అలా బెదరదు. దారి ఎంత వేగం మోయగలదో తానే కొలుచుకుని, ముక్కలు పోతున్నా సరే, ఆ వేగంతో పంపుతూనే ఉంటుంది. వీటికి నోరు తిరగని ఇంగ్లిషు పేర్లున్నాయి. మా టీములో పరీక్షలు చేసే సహోద్యోగి మాత్రం మొదటి వారంలోనే పాతదానికి మొహమాటం అని, కొత్తదానికి మొండి అని పేర్లు పెట్టేశాడు. అతను బోరబండలో పుట్టి పెరిగినవాడు, రోజూ రైలెక్కి హైటెక్ సిటీలో దిగుతాడు, నన్ను అన్నా అంటాడు. అతను ఏ పేరు పెడితే అది టీములో అందరి నోటా నిలిచిపోతుంది.

కొత్త ఇమేజ్ విడుదల దగ్గర పడుతున్నప్పుడు మా మేనేజరు గారు నన్ను పిలిచారు. ఆవిడది కాకినాడ. 'అండీ' లేకుండా కోప్పడటం కూడా రాదు ఆవిడకు.

"ఈసారి డిఫాల్టు మొహమాటమే ఉంచాలా, మొండికి మారాలా అన్నది మీరు తేల్చాలండీ. కస్టమర్లు ఎలాగూ దాన్ని ముట్టుకోరు కదా?"

"ముట్టుకోరు మేడం. అలాంటిది ఒకటుందని కూడా వాళ్లకు తెలియదు."

"అయితే మనం ఏది పెడితే అదే వాళ్ల తలరాతండీ. కాస్త జాగ్రత్తగా చూడండి."

చూశాం. బోరబండ సహోద్యోగి, నేను, పరీక్ష కోసమే కట్టిన లైన్ల మీద రెండింటినీ పరిగెత్తించాం. ఈ పరీక్షలకు ఒక ఆచారం ఉంది. ప్రతిసారీ ముందు లైను ఖాళీ చేయాలి. ఇంకేదైనా నడుస్తుంటే కొలత చెడిపోతుంది. అందుకని మొహమాటాన్ని ఒంటరిగా పంపి, అది ముగిశాక, లైను మళ్లీ ఖాళీ చేసి, మొండిని ఒంటరిగా పంపేవాళ్లం. మాకు ముందున్నవాళ్లు అలాగే చేశారు, మేమూ అలాగే చేశాం. మంచి లైను మీద రెండూ దాదాపు సమానం. ముక్కలు రాలే లైను మీద మొహమాటం కుంటుకుంటూ నడిచింది, మొండి దూసుకుపోయింది. ఆ తేడా చూసిన క్షణంలో నా కళ్ల ముందు కదిలింది కస్టమర్లు కాదు. అడవిలో ఒక క్వార్టరు గదిలో ఫోను పట్టుకుని, తిరుగుతున్న చక్రాన్ని చూస్తూ కూర్చున్న మా ఆవిడ.

ఆ రోజు ఇంటికి వెళ్లగానే నా చిన్న సర్వరును మొండికి మార్చాను. ఎదురింటి ఆంటీ దగ్గరినుంచి పాపను తెచ్చుకుని, ముఖం కడిగి, కెమెరా ముందు నిలబెట్టాను. "అమ్మా, రేపు డ్రాయింగు క్లాసుకి జంతువు బొమ్మ గియ్యాలంట. ఏం గియ్యను? ఏనుగు నాకు వంకర వస్తుంది" అని అడిగింది. వీడియోను సర్వరులో పెట్టి, పాపకు పాలు కలుపుతున్నాను. పాలు చల్లారకముందే ఫోను మోగింది.

"ఏయ్, ఏం చేసినవ్? ఒక్క తీరుగ ఉరికొచ్చింది! ఒక్కసారి గూడ ఆగలే!" ఆమె గొంతు అరుపుకూ నవ్వుకూ మధ్య ఉంది. "దానికి చెప్పు, కుందేలు గియ్యమను. కుందేలు అల్క. రెండు చెవులు పెడితే అయిపాయె."

పాప ఫోన్లో "ఊ" అంది, ఎప్పటిలాగే. ఈసారి మాత్రం "ఊ" అనేసి, పెన్సిలు తెచ్చుకుని నా కాళ్ల దగ్గర కూర్చుని కుందేలు గీసింది. అది అడిగిన ప్రశ్నకు వాళ్లమ్మ జవాబు అదే సాయంత్రం వచ్చింది. ఇంతకుముందు ఎప్పుడూ అలా జరగలేదు. నేను వంటింట్లోకి వెళ్లి కుక్కరు కడుగుతున్నట్టు నటించాను.

ఆ తరువాత రోజులు నా జీవితంలో మంచి రోజులని చెప్పడానికి నాకు సంకోచం లేదు. మధ్యాహ్నం దాటితే చాలు, నా మనసు బాచుపల్లి చేరిపోయేది. కొండాపూర్ దాటి మియాపూర్ వరకు బండ్లు అంగుళం అంగుళం కదులుతుంటే, నా నోటికి వచ్చిన అనంతపురం తిట్లన్నీ ఆ రోడ్డు విన్నది. ఇంటికి చేరేసరికి పాప ఆంటీ గుమ్మంలో చెప్పులు వేసుకుని సిద్ధంగా ఉండేది. వీడియో తీయడం, పెట్టడం, కాసేపటికి ఫోను. జడ వంకరగా వేశానని నాకు తిట్లు. గోళ్లు కత్తిరించమని పాపకు చెప్పమని నాకే ఆజ్ఞ. పాప కొత్త పద్యం అప్పజెబితే మూడో పాదం తప్పిందని దిద్దుబాటు. ఇవే, ఇంతకంటే ఏమీ లేదు. అయినా ఇల్లు మళ్లీ ముగ్గురిదైనట్టు ఉండేది. ఆమె లేదన్న బాధ పోలేదు. నిజానికి ఎక్కువైంది. అంత దగ్గరగా వినబడే మనిషి గదిలో లేకపోవడం ఇంకా కష్టం. కానీ ఆ కష్టాన్ని నేను ఎవరికీ ఇచ్చేయదలచుకోలేదు.

ఆఫీసులో నోటు రాశాను. కొత్త ఇమేజ్‌లో డిఫాల్టు మొండి కావాలని. మీటింగులో గ్రాఫులు పెట్టి, పరీక్ష లైన్ల మీదే కాకుండా మారుమూల ప్రాంతంలో నిజమైన వాడకంలో కూడా చూశామని చెప్పాను. ఆ మారుమూల ప్రాంతం మా ఆవిడ గది అని చెప్పలేదు.

మేనేజరు గారు పెన్ను గడ్డానికి ఆనించుకుని, "ఆ లైను మీద ఇంకెవరైనా ఉన్నారాండీ?" అని అడిగారు.

"అడవి మేడం. అడవిలో ఇంకెవరుంటారు?" అన్నాను. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. తుది నిర్ణయం వచ్చే వారానికి వాయిదా పడింది.

ఆ వారంలోనే ఒక సాయంత్రం ఫోను రాలేదు. పనిలో ఉందేమో అనుకున్నాను. మరుసటి రోజూ రాలేదు. సర్వరులో చూస్తే, ఆమె వీడియోలు దించుకోనే లేదు. పాప రెండుసార్లు "అమ్మ చూసిందా?" అని అడిగి ఊరుకుంది. మూడో సాయంత్రం వీడియో దిగింది, ఫోను మాత్రం రాలేదు. అలిగిందా, ఏమైనా అన్నానా అని నా మాటలన్నీ తిరగేసుకున్నాను. బదిలీ గురించి గట్టిగా అడిగినది గుర్తొచ్చి, అదే కాబోలు అనుకున్నాను. ఆదివారం పొద్దున ఆమే చేసింది.

"ఏమైంది నీకు? రెండు దినాలు ఎందుకు చూడలేదు?" అన్నాను, పలకరింపు కూడా లేకుండా.

"కావాల్నని చూడలే" అంది. "ఇక్కడ పిల్లలకు ఫోన్ గంట ఏ టైముల ఉంటదో ఎర్కేనా నీకు?"

"ఫోన్ గంట ఏంది?"

"ఆటలైనంక, చదువు గంట కొట్టేదాంక. వరండాల బడి ఫోన్లు రెండు పెడ్తరు. పొల్లలు లైన్ల నిలబడి వాళ్ల అమ్మనాయినలతోని మాట్లాడ్తరు. గా ఇంటర్నెట్ మీదనే. నేను మన పాపను చూసేది గూడ గప్పుడే, చదువు గంట కొట్టినంక నాకు డ్యూటీ."

నాకు అప్పటికే సగం అర్థమైంది. మిగతా సగం వినాలని లేదు.

"మొన్న ఐదో తరగతి పిల్ల ఒకామె నా రూం కాడికి వచ్చింది" అంది ఆమె. "'మేడం, రోజు మా అమ్మ నడిమిట్లనే ఆగిపోతుంది' అన్నది. ఫోన్ల మాట తెగుతున్నదట. ఒక్కొక్కలకు కొంచెంసేపే ఇస్తరు. తెగితే మల్ల లైన్ల ఆఖరుకు పోవాలె. ఆమె వంతు మల్ల వచ్చేసరికి గంట కొడ్తున్నరు. ఎప్పటి నుంచి అని అడిగిన. చెప్పింది. నువ్వు ఆ సర్వరును మార్చినప్పటి నుంచి."

"అదే కారణమని ఎట్లా చెప్తావు?"

"అందుకే గదా రెండు రోజులు చూడలే. రెండు రోజులు పొల్లలందరు మంచిగ మాట్లాడుకున్నరు. మూడో రోజు నీ వీడియో పెట్టుకుని, కిటికీల నుంచి వరండా దిక్కు చూసిన. మన పాప ఇక్కడ పద్యం చెప్తుంటే, అక్కడ పొల్లలు ఫోన్ చెవి నుంచి తీసి దాని దిక్కు చూస్తున్నరు."

నాకు కోపం వచ్చింది. దాచడమెందుకు, ముక్కూ మొహం తెలియని ఆ ఐదో తరగతి పిల్ల మీదే వచ్చింది. "మనకుండేది ఆ కాసేపే కదా! తన్నుమాలిన ధర్మం మొదలు చెడ్డ బేరమంటారు. వాళ్లను వేరే గంటలో మాట్లాడుకోమను."

"గంట మార్చుడు నా చేతుల లేదు. వాళ్లు పొద్దంత ఆ గంట కోసమే చూస్తరు."

"నువ్వు చూడవా? పొద్దంతా నువ్వు దేని కోసం చూస్తావు మరి?"

 

"నేను గూడ గంతే" అంది. "నాకేం ఉండదా? దాని ముఖం చూడకుంటే నాకు బువ్వ పోదు. కానీ ఎట్ల చూడాలె చెప్పు? ఆ పిల్ల వరండాల నిలబడి ఉంటే, నేను తలుపు ఏసుకుని నా పిల్లను చూసుకోవాల్నా? నాతోని కాదు. ఆ మొండిదాన్ని తీసెయ్."

నేను సరే అనలేదు. ఫోను పెట్టేశాను. ఆ ఆదివారం పాపను తీసుకుని కోకాపేట వైపు ఊరికే బండి మీద తిరిగాను. కట్టడం పూర్తికాని టవర్లను చూపించి ఎన్ని అంతస్తులో లెక్కపెట్టమన్నాను. అది మధ్యలో లెక్క తప్పి, "అమ్మయితే కరెక్టుగా చెప్తుంది" అంది.

సోమవారం ఆఫీసుకు వెళ్లగానే బోరబండ సహోద్యోగి దగ్గరికి వెళ్లాను. ఆ నోటు నాది. దాన్ని నమ్మి ఇమేజ్ విడుదలైతే, ఎన్ని ఊళ్లలో ఎన్ని సన్నని లైన్ల మీద ఎవరి మాట ఆగిపోతుందో నాకు తెలిసే దారి కూడా ఉండదు. "రెండింటినీ ఒకే లైను మీద, ఒకేసారి పెడదాం. సన్నని లైను, ముక్కలు పోయేది. పక్కన మాటల కాల్ కూడా నడుపుదాం" అన్నాను.

"కొలత చెడిపోతది గదన్నా?"

"చెడిపోనీ."

చెడిపోలేదు. తెర మీద రెండు గీతలు, మొండిది పైకి లేచి కూర్చుంది, మొహమాటంది నేలకు అంటుకుంది. కాల్ ముక్కలు ముక్కలుగా తెగింది. మొహమాటాన్ని మొహమాటంతోనే కలిపి పెట్టినప్పుడు మాత్రం అన్నీ నత్తనడకే అయినా, కాల్ నిలిచింది. అతను కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఏందన్నా, గిట్ల తింటుంది ఇది! పక్కోనికి మెతుకు మిగల్చలే. మనం ఒక్కొక్కదాన్ని విడిగ కూసోబెట్టి వడ్డిస్తిమి. బంతిల కూసోబెడితే గద తెలిసేది, ఎవడెట్ల తింటడో."

వెడల్పైన దారుల మీద ఇంత తేడా ఉండదు, రెండూ ఎలాగో సర్దుకుంటాయి. అది కూడా నోటులో రాశాను. పాత పద్ధతే డిఫాల్టుగా ఉంచాలని, కొత్తది ఇమేజ్‌లో ఉండాలని, కావాలని తెలిసి అడిగినవాళ్లు మార్చుకోవచ్చని రాశాను. నోటు పంపే ముందు నా సర్వరును తెరిచాను. మార్చడానికి ఒక్క చిన్న వాక్యం కొట్టాలి. కొట్టేశాను గానీ, ఎంటర్ నొక్కడానికి వేలు రాలేదు. అది నొక్కితే సాయంత్రాలు పోతాయని నాకు తెలుసు. కిందికి వెళ్లి చాయ్ తాగి, మళ్లీ పైకి వచ్చి నొక్కాను.

మీటింగులో మేనేజరు గారు నోటు చదివి కళ్లద్దాలు తీశారు. "మొన్నటిదాకా మొండి కోసం దెబ్బలాడింది మీరే కదండీ?"

"ఆ లైను మీద ఇంకొందరు ఉన్నారు మేడం. హాస్టలు పిల్లలు."

ఎవరూ నవ్వలేదు. నిర్ణయం ఖాయమైంది. అందరూ లేచి వెళ్తుంటే ఆవిడ నన్ను ఆగమన్నట్టు చేయి చూపించారు. తలుపు మూసుకున్నాక, "మరి మీ పాప వీడియోలు ఎలాగండీ ఇప్పుడు?" అన్నారు. నేను ఆవిడకు ఆ సంగతి ఎన్నడూ చెప్పలేదు, చెప్పింది బోరబండ సహోద్యోగికి ఒక్కడికే. చూద్దాం మేడం అన్నాను.

దారి చూపించింది బోరబండ సహోద్యోగే. "వదినను పండుకునే ముంగట డౌన్‌లోడ్ పెట్టుమను అన్నా. మొహమాటంది ఎవరికీ అడ్డం రాదు గదా, మెల్లగ దిగుతది. తెల్లారేసరికి ఉంటది." పిల్లలంతా పడుకున్నాక లైను ఖాళీయే కదా, రాత్రిపూట మాత్రం మొండిని వాడుకుందామా అని ఆమెను అడిగి చూశాను. ఎవరికైనా జ్వరమొస్తే వార్డెను దవాఖానకు ఫోన్ చేసేది రాత్రే, వద్దంది. మొహమాటమే ఖాయం చేసుకున్నాం.

అలా ఇప్పుడు ఆమె మాకు ఒక రాత్రి వెనక బతుకుతోంది. పాప సాయంత్రం అడిగినదానికి జవాబు మరుసటి పొద్దున వస్తుంది. ఏ గౌను వేసుకోనని అడిగితే, అది వేసుకుని, మాపుకుని, బకెట్లో నానబెట్టాక ఫలానాది వేసుకోమని కబురొస్తుంది. ఆ ఐదో తరగతి పిల్ల వాళ్లమ్మతో ఇప్పుడు తెగకుండా మాట్లాడుతోందట. మా ఆవిడ ఆ మాట చెప్పినప్పుడు నాకు సంతోషమే వేసింది. అసూయ కూడా వేసింది. రెండూ నిజమే.

మొన్న ఒక రోజు పాపకు జలుబు చేసి ముక్కు దిబ్బడేసింది. ఎంత జోకొట్టినా పడుకోలేదు. దుప్పటి తన్నేసింది, నా చేయి తోసేసింది, చివరికి కెమెరా పెట్టమంది. పెట్టాను. "అమ్మా, నాకు నిద్ర వస్తలేదు. నాన్నకు జోకొట్టుడు వస్తలేదు. నువ్వు పాట పాడు, పడుకుంటా" అని చెప్పి, ఫోను వంక చూస్తూ కూర్చుంది. జవాబు ఇప్పుడు రాదని దానికి చెప్పాను. వస్తుంది, ఇంతకుముందు వచ్చేది కదా అంది. వీడియోను సర్వరులో పెట్టాను. కాసేపు ఏడ్చి, నా భుజం మీదే నిద్రపోయింది.

ఇంకా వెలుతురు రాకముందే ఫోను మోగింది.

"లేచిందా?" అంది ఆమె, గుసగుసగా.

"లేదు. మంచి నిద్రలో ఉంది."

"ఇప్పుడే చూసిన. దాని చెవు కాడ పెట్టు."

రాత్రి గడిచిపోయిందని ఆమెకు తెలియదా? తెలుసు. నేను ఫోనును పాప దిండు మీద, చెవి పక్కన పెట్టాను. ఆమె పాడింది. నా వరకు సన్నగా వినబడుతోంది. పాప పసిదిగా ఉన్నప్పుడు పాడిన పాటే, మొదటినుంచి చివరి దాకా, ఎక్కడా తెగకుండా వచ్చింది. పాప కదలలేదు, నోరు తెరుచుకుని ఊపిరి తీస్తూ పడుకునే ఉంది. పాట అయిపోయాక నేను ఫోను చెవికి పెట్టుకున్నాను.

"పడుకున్నదా?" అని అడిగింది ఆమె.

"పడుకుంది" అన్నాను.